సిక్లిడ్ ట్యాంకులో ఎన్ని చేపలు వేయాలి, కొట్టుకుంటే ఏటి చేయాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

మాది రాయగడ. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, చేపల కొట్టుకి మాత్రం రైలెక్కి వైజాగ్. పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం మీదుగా కవర్లు ఒళ్లో పెట్టుకుని చేపలు తెచ్చుకునే బ్యాచ్‌లో నేనూ ఒకణ్ని. గుణుపురం, పర్లాకిమిడి, జయపురం, బరంపురం వైపు మనవాళ్లు చాలామంది ఒకేలాంటి ప్రశ్నలు అడుగుతున్నారు, ప్రతిసారీ ఫోన్‌లో టైప్ చేసి చేసి వేళ్లు నొప్పెడుతున్నాయి, అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను.

సిక్లిడ్ అంటే అసలు ఏ చేప?

ఒక చేప కాదు, పెద్ద కుటుంబం. మార్కెట్‌లో కిలోల్లెక్కన దొరికే తిలాపియా సిక్లిడ్డే. చిలికాలో దొరికే, ఒడియా వాళ్లు కుండళ అనే పచ్చటి చుక్కల చేప, కేరళ వాళ్ల కరిమీన్, అది కూడా సిక్లిడ్డే, మన దేశపుది. ఏంజెల్, డిస్కస్, ఆస్కార్, ఫ్లవర్ హార్న్ అన్నీ ఇందులోకే వస్తాయి. కానీ కొట్టులో "సిక్లిడ్ కావాలి" అంటే వాడు తీసి చూపించేది ఎక్కువగా ఆఫ్రికాలో మలావీ సరస్సు రకాలు, రంగురంగుల రాళ్ల చేపలు, వాటిని బూనా అంటారు. ఈ పేజీలో ఎక్కువ వాటి గురించే ఉంటాది, అమెరికా వాటి గురించి కింద వేరేగా రాశాను.

నాలుగడుగుల ట్యాంకులో ఎన్ని వేయొచ్చు?

ముందు లెక్క. పొడవు, వెడల్పు, ఎత్తు అడుగుల్లో గుణించి 28తో గుణిస్తే లీటర్లు వస్తాయి. 4 × 1.5 × 1.5 అంటే 9, అంటే సుమారు 250 లీటర్లు. అందులో ఇసుక, రాళ్లు, పైన వదిలిన ఖాళీ తీసేస్తే చేపలకి దొరికేది 200, 210 లీటర్లే. అందులో బూనా రకాలు పెద్దవయ్యాక 10 నుంచి 13 సెంటీమీటర్లు అవుతాయి అనుకుంటే 15 నుంచి 20 దాకా పెట్టొచ్చు, మంచి ఫిల్టర్ ఉంటేనే. మూడడుగుల ట్యాంకు అయితే నెమ్మది రకం ఒకటే, ఒక మగది నాలుగైదు ఆడవి, అక్కడితో ఆపేయండి. రెండడుగుల ట్యాంకులో బూనా వద్దే వద్దు. "చిన్నప్పుడు వేసి తర్వాత మార్చుకుంటాను" అని అందరూ అంటారు, నేనూ అన్నాను, ఎవరమూ మార్చం.

ట్యాంకు కొనేటప్పుడు ఎత్తు చూసి మోసపోకండి. ఈ చేపలకి కావలసింది అడుగున నేల, ఎవరి జాగా వాళ్లకి. ఎత్తు పెంచితే చూడ్డానికి బావుంటాది, నీళ్లు ఎక్కువ పడతాయి, చేపకి మాత్రం ఒక్క సెంటు భూమి కూడా కలిసిరాదు. అదే డబ్బుతో ఎత్తు తగ్గించి వెడల్పు పెంచుకోండి.

ఇంకోటి, అసలు మాట ఇదే, మీ ట్యాంకులో ఎన్ని చేపలు పడతాయో తేల్చేది మీ నడుము. 200 లీటర్ల నీళ్లలో వారానికి 40 శాతం మార్చాలంటే 80 లీటర్లు, 15 లీటర్ల బకెట్‌తో ఇంచుమించు ఆరు బకెట్లు బయటికి, ఆరు బకెట్లు లోపలికి. ఇది ప్రతి వారం, పండగైనా పెళ్లైనా జొరమొచ్చినా. ఆ ఆరు బకెట్లు మొయ్యగలను అనుకుంటే 18 చేపలు, మూడే మొయ్యగలను అనుకుంటే తొమ్మిది. నేను ఎవరికైనా చెప్పేటప్పుడు ముందు వారానికి ఎన్ని బకెట్లు మోస్తారు అనే అడుగుతాను, ట్యాంకు సైజు తర్వాతే.

అంగుళం చేపకి ఒక గ్యాలన్ నీళ్లు అనే లెక్క పనికొస్తాదా?

గప్పీలకి, టెట్రాలకి ఏదో అంచనాకి పనికొస్తాది. సిక్లిడ్స్‌కి పనికిరాదు. 12 అంగుళాల ఆస్కార్, 12 ఒక్కంగుళం టెట్రాలు ఒకటేనా? లావు చూడండి, పెంట చూడండి. పైగా ఈ లెక్కలో కొట్లాట అనే మాటే లేదు.

ఎక్కువ చేపలు వేస్తే కొట్లాట తగ్గుతాది అంటారు, నిజమేనా?

సగం నిజం. ఆ సగం పట్టుకునే మనవాళ్లు మునిగిపోతారు, అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.

బూనా మగ చేప ఒక రాయి చూసుకుని ఇది నాది అని కూర్చుంటాది. ఆ దగ్గరికి ఎవరొచ్చినా తరుముతాది, అందులోనూ తన జాతిదైనా తన రంగుదైనా ఇంకా ఎక్కువ. ట్యాంకులో నాలుగే చేపలుంటే తరిమేవాడికి రోజంతా ఖాళీ, ఆ బలహీనమైనదాన్ని ఒక్కదాన్నే పట్టుకుని చచ్చేదాకా తరుముతాడు. సరస్సులో అయితే అది నాలుగు మీటర్లు పారిపోతే బతికిపోతాది, గాజు పెట్టెలో ఎక్కడికి పోతాది? అదే 18 చేపలుంటే ఇటు తరిమేలోపు అటు ఇంకోడు జాగాలోకి వచ్చేస్తాడు, కోపం పదిమందికి పంచుకుంటాది కాబట్టి ఏ ఒక్కదాని మీదా ప్రాణం మీదకొచ్చేంత పడదు, అలగ తగ్గుతాది. అంతేగానీ చేపలు మంచివైపోయాయని కాదు.

మరి మిగతా సగం ఏటంటే, 18 చేపల తిండి, 18 చేపల పెంట. పెంట నుంచి అమ్మోనియా వస్తాది, ఫిల్టర్‌లో పెరిగిన బాక్టీరియా దాన్ని నైట్రైట్ చేస్తాది, మళ్లీ దాన్ని నైట్రేట్ చేస్తాది, ఆ నైట్రేట్‌ని మనమే బకెట్‌తో తీసి పారబోయాలి. పైగా మలావీ చేపలకి పీహెచ్ (నీళ్ల పులుపు, క్షారం చెప్పే కొలత) 8 దగ్గర ఉండాలి, ఆ పీహెచ్‌లో అమ్మోనియా విషం ఘాటు ఎక్కువ. అంతే అమ్మోనియా పీహెచ్ 7లో ఉన్నప్పటికంటే 8లో ఇంచుమించు పది రెట్లు విషం అనుకోండి. అంటే గోల్డ్ ఫిష్ ట్యాంకులో తట్టుకున్న బద్ధకం ఇక్కడ తట్టుకోదు. గుంపు పెట్టి కొట్లాట ఆపడం అప్పు చేసి పెళ్లి చేసినట్టే, పెళ్లి ఘనంగా అయిపోతాది, వడ్డీ మాత్రం ప్రతి ఆదివారం బకెట్లలో కట్టాలి.

ఫిల్టర్ గంటకి ట్యాంకు నీళ్లకి ఆరు నుంచి పది రెట్లు తిప్పాలి. 250 లీటర్లకి గంటకి 1500 నుంచి 2500 లీటర్ల పంపు. పెట్టె మీద రాసిన నంబర్ నమ్మకండి, స్పాంజి నిండాక సగమే తిరుగుతాది. నేనైతే సంప్ (ట్యాంకు కింద పెట్టే ఫిల్టర్ తొట్టి) పెట్టాను, దాంతోపాటు మూలన రెండు స్పాంజి ఫిల్టర్లు ఎప్పుడూ నడుస్తుంటాయి.

ఇంకో విషయం, ఈ గుంపు చిట్కా బూనాలకే. ఆస్కార్, ఫ్లవర్ హార్న్, కాన్విక్ట్ లాంటి అమెరికా రకాలకి ఇది చేసి ఫోన్ చేయకండి.

మగా ఆడా ఎన్నెన్ని?

ఒక జాతిలో ఒక మగకి కనీసం మూడు ఆడవి, నాలుగైదు ఉంటే ఇంకా మంచిది. జంట అని ఒక మగ ఒక ఆడ కొనుక్కుని మురిసిపోకండి, ఈ మలావీ చేపలు జంట కట్టవు. మగది రోజంతా గుడ్లు పెట్టమని వెంటపడతాది, ఒక్కతే ఉంటే ఆ ఆడచేప రెక్కలు చీరికలైపోయి నెలలోపు పోతాది.

గుర్తుపట్టడం చిన్నప్పుడు కష్టం. వెనక కింది రెక్క మీద పసుపు చుక్కలుంటే మగది అంటారు గానీ ఆడవాటికీ చాలాసార్లు ఉంటాయి, అది నమ్మి నేను రెండుసార్లు బోల్తా పడ్డాను. కొన్ని రకాల్లో రంగే చెప్పేస్తాది. కెన్యీలో పిల్లలూ ఆడవీ నీలం, మగవి పెద్దయ్యాక పసుపు అయిపోతాయి. ఆరాటస్‌లో దానికి ఉల్టా, పసుపువి ఆడవి, మగవి నల్లబడతాయి. సౌలోసీలో ఆడవి పసుపు, మగవి నీలం. ఎల్లో ల్యాబ్ లాంటి వాటిల్లో తేలదు, కాబట్టి ఏడెనిమిది చిన్నవి కొని పెంచి, పెరిగేకొద్దీ ఎక్కువైన మగవాటిని తీసి ఇచ్చేయడమే దారి.

కొట్టతను "ఆఫ్రికన్ మిక్స్" అని పది ఇచ్చాడు, పరవాలేదా?

పరవాలేదు అని అబద్ధం చెప్పలేను. నా మొదటి ట్యాంకు అదే. పది చేపలు, పది రంగులు, మా పిల్లలకి పండగే పండగ. అందులో పసుపు మీద నల్ల గీతల చిన్నది ఒకటి చాలా ముద్దుగా ఉంది. నాలుగు నెలలకి దానికి నలుపు తిరిగింది, ఆరాటస్ మగది. పొద్దున్న లేవగానే ఒకటి తేలడం, మూడోరోజు ఇంకోటి. మా మావయ్య వచ్చి చూసి "ఏటి బాబూ, చేపలకి కూడా కాపలా కాస్తన్నావేటి" అన్నారు. చివరికి ట్యాంకులో రెండే మిగిలాయి, ఆ ఆరాటస్సూ, అద్దం మీద పాచి తినే ప్లెకో అనే చేపా.

కొట్టతని తప్పేమీ లేదనను, చిన్నప్పుడు అన్నీ ముద్దుగానే ఉంటాయి, అమ్మేటప్పుడు పెద్దయ్యాక సంగతి చెప్పే కొట్టు నాకింకా తగల్లేదు. ఆరాటస్, చిపోకే, కెన్యీ, ఈ మూడూ నాలుగడుగుల మిక్స్‌లో వద్దు. మొదటిసారి పెట్టేవాళ్లకి ఎల్లో ల్యాబ్, రస్టీ ఈ రెండూ నెమ్మది. వాటితో ఎసీ కూడా బావుంటాది గానీ అది 15 సెంటీమీటర్లు అవుతాది, నాలుగడుగుల కంటే చిన్న ట్యాంకులో వద్దు. మూడు జాతులు, ఒక్కో దాంట్లో ఐదారు. మూడూ వేరేవేరే రంగులు ఉండేలా చూసుకోండి, రెండు నీలం చారల రకాలు పక్కపక్కన పెడితే ఒకదాన్నొకటి సవతిలా చూసుకుంటాయి.

ఎల్లో ల్యాబ్, రెడ్ జీబ్రా కలిపి పెట్టేవాళ్లకి ఒక మాట, ఆ రెండూ కలిసి పిల్లల్ని పెట్టేస్తాయి. ఆ పిల్లల్ని ఎల్లో ల్యాబ్ అని ఎవరికీ ఇవ్వకండి.

డెమసోనీ అంటే నాకు పిచ్చి, ఆరు తీసుకోనా?

వద్దు. చూడ్డానికి ఏడెనిమిది సెంటీమీటర్లే, నీలం నలుపు చారలు, చాలా అందం. కానీ ఆరు తీసుకుంటే ఒకదాన్నొకటి చంపుకుంటూ పోయి చివరికి ఒకటి మిగులుతాది. పన్నెండు, పదిహేను ఒకేసారి వేయాలి. అంత డబ్బూ అన్ని బకెట్లూ లేకపోతే ఫొటో చూసి ఊరుకోండి.

కొత్త చేప వేసిన ప్రతిసారీ చంపేస్తున్నాయి, ఎలగ వేయాలి?

ఒక్కటే తెచ్చి పట్టపగలు లైట్ వెలుగుతుండగా వేస్తున్నారు, అవునా? పాతవాళ్లంతా ఎవరి రాయి వాళ్లు పంచేసుకున్నారు. మధ్యలో ఒంటరిగా ఒక కొత్తవాడు దిగితే ఊరంతా మీద పడతాది. కనీసం నాలుగైదు ఒకేసారి వేయండి, ఉన్నవాటి సైజుకి దగ్గరగా ఉండేవి. వేసే ముందు రాళ్లన్నీ తీసి వేరేగా పేర్చేయండి, అప్పుడు పాతవాళ్లకీ ఇల్లు పోయినట్టే, అందరూ మళ్లీ మొదటినుంచి జాగా వెతుక్కోవాలి, కొత్తవాళ్ల మీద చూసే తీరిక ఉండదు. పాతవాటికి కొంచెం తిండి వేసి, లైట్ ఆపేసి, చీకట్లో వదలండి, మర్నాడు మధ్యాహ్నం దాకా లైట్ వేయకండి.

కానీ అంతకంటే ముందు కొత్తవాటిని రెండు మూడు వారాలు వేరే చిన్న ట్యాంకులో ఉంచండి. వైజాగ్ నుంచి నాలుగైదు గంటలు కవర్‌లో ఊగి వచ్చిన చేపకి ఏ రోగం ఉందో తెలీదు, అలసిపోయి ఉంటాది, అప్పుడే కుస్తీలోకి దింపితే ఎలగ. నేను ఈ మాట వినకుండా ఒకసారి నేరుగా వేశాను, తెల్ల చుక్కల రోగం వచ్చి ట్యాంకు మొత్తానికి మందు వేయాల్సొచ్చింది.

రాళ్లు ఎలగ పేర్చాలి? నాగావళి రాళ్లు వాడొచ్చా?

వాడొచ్చు. ఏటి గుండ్రాళ్లు బాగా తోమి, మరిగించిన నీళ్లు పోసి కడిగి పెట్టుకోండి. తుప్పు మరకలున్నవి, మెరిసే లోహం పొరలున్నవి వద్దు. రాయి మీద వెనిగర్ చుక్క వేస్తే బుసబుస పొంగితే సున్నపు రాయి, అది నీళ్లలో పీహెచ్ పెంచుతాది, మలావీ చేపలకి మంచిదే, డిస్కస్‌కి చెడ్డది.

రాళ్లు పెట్టేది చేప దాక్కోడానికి మాత్రమే కాదు, చూపు ఆగడానికి. ఈ మూల నుంచి ఆ మూలకి అడ్డం లేకుండా కనిపిస్తుంటే ఒక్క మగదే ట్యాంకు మొత్తం ఏలుతాది. కుడివైపు ఒక గుట్ట, ఎడంవైపు ఒక గుట్ట, నీళ్ల మధ్య ఎత్తుదాకా అడ్డం వచ్చేలా పేర్చండి, అప్పుడు రెండు మూడు రాజ్యాలు అవుతాయి. ప్రతి సందుకీ రెండు దారులుండాలి, ఒకే దారి ఉన్న గుహలో దూరిన చేపని బయట కాపు కాసి మరీ కొడతారు. డబ్బులు లేకపోతే కుమ్మరి దగ్గర చిన్న కుండలు తెచ్చి అంచు పగలగొట్టి బోర్లించండి, పీవీసీ పైపు ముక్కలు వేయండి, చేపకి అందం అక్కర్లేదు.

ముందు రాళ్లు అడుగు అద్దం మీద పెట్టి తర్వాత ఇసుక పోయండి. ఇసుక మీద పెడితే ఈ చేపలు కింద తవ్వేసి గుట్ట కూలగొడతాయి, కింద అద్దం పగులుతాది. రాళ్ల కింద పల్చటి థర్మాకోల్ షీట్ వేస్తే ఇంకా నయం. స్టాండు సంగతి కూడా చూసుకోండి, 250 లీటర్లంటే 250 కిలోల నీళ్లు, అద్దం రాళ్లు ఇసుక కలిపితే 350 దాటేస్తాది, టీవీ బల్ల మీద పెట్టేది కాదు.

ఏది మామూలు గొడవ, ఏది ప్రమాదం?

తరమడం, రెక్కలు విప్పి పక్కకి తిరిగి వణకడం, చెంపలు ఉబ్బించడం, అప్పుడప్పుడు నోటికి నోరు పట్టి గుంజుకోవడం, ఇవన్నీ మామూలే. ఒకటి తరుముతాది, ఇంకోటి పారిపోతాది, రెండు నిమిషాల్లో రెండూ తిండికొస్తాయి. దానికి కంగారు పడి చెయ్యి పెట్టకండి.

ఒక చేప పైన మూలలో ఫిల్టర్ పైపు వెనకాల తలకిందులుగా నక్కి రోజంతా అక్కడే ఉందనుకోండి, రంగు వెలిసిపోయింది, తోక చీలింది, తిండి వేసినా దిగట్లేదు, అది చావు ముందు దశ. ఆ రోజే తీసేయండి. రేపు చూద్దాం అనుకున్న ప్రతిసారీ రేపు పొద్దున్న వల పట్టుకోవాల్సొచ్చింది నాకు.

ఒక్క మగదే అందర్నీ కొడుతోంది, దాన్ని అమ్మేయాలా?

ముందు పదిరోజులు దాన్ని వేరే తొట్టిలో పెట్టండి. అందరూ దెబ్బలు తిన్నవాటిని తీస్తారు, అది తీస్తే వాడు ఇంకోదాన్ని పట్టుకుంటాడు. తీయాల్సింది కొట్టేవాణ్ని. వాడు లేని వారంలో మిగతావాళ్లు కొత్తగా సర్దుకుంటారు, రాళ్లు మార్చి మళ్లీ వేస్తే వాడే కొత్తవాడు అవుతాడు. చాలావరకు దారికొస్తాది. వేరే తొట్టి లేకపోతే ఫాల్స్ సీలింగ్ వాళ్లు వాడే ప్లాస్టిక్ జాలీ ముక్క కోసి ట్యాంకు మధ్యలో అడ్డం పెట్టండి, నీళ్లు తిరుగుతాయి, చేప దాటదు.

రెండుసార్లు చేసినా మారకపోతే ఇచ్చేయండి. అయితే ఒకటి చూసుకోండి, రాజు పోయాక రెండోవాడు రాజవుతాడు, వాడు ఇంకా ఘోరంగా ఉన్న సందర్భాలు ఉన్నాయి.

ఎండాకాలంలో ఎక్కువ కొట్టుకుంటున్నాయి, నిజంగానా నా భ్రమా?

భ్రమ కాదు. నీళ్లు వేడెక్కితే చేప ఒంట్లో అన్నీ జోరుగా నడుస్తాయి, ఆకలీ కోపమూ గుడ్లు పెట్టే ఊపూ అన్నీ. వీటికి 25, 26 డిగ్రీలు చాలు. మన వైపు మే నెలలో బయట 40 దాటితే ట్యాంకులో 32, 33 అవుతాది. ఇంకో చిక్కు, నీళ్లు వేడెక్కేకొద్దీ ఆక్సిజన్ తక్కువ పట్టుకుంటాయి, చేపకేమో ఎక్కువ కావాలి.

మూత తీసి జాలీ వేసి, నీటి మీదకి చిన్న ఫ్యాన్ పెట్టండి, రెండు మూడు డిగ్రీలు దిగుతాది, నీళ్లు ఆవిరవుతాయి కాబట్టి రోజూ కొంచెం పోస్తుండండి. ఎయిర్ పంపు ఇంకోటి కలపండి. లైట్ గంటలు తగ్గించండి. తిండి కొంచెం తగ్గించండి. ఐస్ ముక్కలు నేరుగా వేయకండి, గబుక్కున దిగితే అది ఇంకో దెబ్బ. సీసాలో నీళ్లు గడ్డకట్టించి ఒక్కటి తేలనివ్వండి. హీటర్ మే నెలలో కూడా ప్లగ్‌లో ఉంచి చేపలు నీరసంగా ఉన్నాయని అడిగినవాళ్లు ఇద్దరున్నారు, ఎవరో చెప్పను.

కరెంటు పోతే?

గుంపుగా పెట్టినవాళ్లకి ఇదే అసలు పరీక్ష. తక్కువ చేపలున్న ట్యాంకు కొన్ని గంటలు ఆగుతాది, నిండా ఉన్నది ఆగదు, ఒకటి రెండు గంటల్లోనే పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి కొని పెట్టుకోండి, ఇన్వర్టర్ ఉంటే ఎయిర్ పంపుని దానికి కలపండి, అది తినేది నాలుగైదు వాట్లే.

2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు గజపతి జిల్లా ఎలగ అయిపోయిందో మనవాళ్లకి చెప్పక్కర్లేదు. పర్లాకిమిడిలో మా బావ వాళ్లింట్లో రోజుల తరబడి కరెంటు లేదు. మనుషులకే తాగడానికి నీళ్లు వెతుక్కునే టైమ్, చేపల్ని ఎవరు చూస్తారు. అయినా మా అక్క చెంబుతో ట్యాంకు నీళ్లు తీసి పైనుంచి పోస్తూ కూర్చుంది, గంటకోసారి, వంతులేసుకుని పిల్లలు కూడా. తిండి పూర్తిగా ఆపేశారు, అది మంచి పని, వారం తినకపోయినా పెద్ద చేప చావదు. సగం మిగిలాయి. కానీ కరెంటు వచ్చిన రోజు క్యానిస్టర్ ఫిల్టర్ (ట్యాంకు బయట ఉండే మూత డబ్బా ఫిల్టర్) నేరుగా ఆన్ చేశారు, లోపల రోజులుగా నిలిచి కుళ్లిన నీళ్లన్నీ ట్యాంకులోకి వచ్చి మిగిలిన సగంలో మళ్లీ నాలుగు పోయాయి. కాబట్టి కరెంటు కొన్ని గంటలకి మించి పోతే ఫిల్టర్ విప్పి, లోపలి నీళ్లు పారబోసి, స్పాంజిలు ట్యాంకు నీళ్లతోనే కడిగి అప్పుడు ఆన్ చేయండి.

బోరు నీళ్లు వాడొచ్చా, కుళాయి నీళ్లా?

మలావీ రకాలకి గట్టి నీళ్లు కావాలి, పాత్రలకి తెల్ల పొర కట్టే బోరు నీళ్లు వాటికి వరం. మీ బోరు మెత్తటిదైతే ఫిల్టర్‌లో గవ్వల ముక్కలో పాలరాయి చిప్సో ఒక సంచిలో వేయండి. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటాది, యాంటీ క్లోరిన్ చుక్కలు వేయాలి, లేదంటే డ్రమ్ములో పట్టి ఎయిర్ పెట్టి ఒకరోజు ఉంచాలి. వానాకాలంలో ఏరు ఎర్రబడ్డప్పుడు కుళాయిలో పటిక, క్లోరిన్ ఎక్కువ వస్తాయి కాబట్టి ఆ రోజుల్లో ఒకేసారి సగం మార్చకండి, రెండు విడతలు చేయండి.

ఫ్లవర్ హార్న్‌తో ఏటి పెట్టొచ్చు?

ఏమీ పెట్టకూడదు. అదృష్టమని, వాస్తని తెస్తారు, నెత్తి మీద బుడిపె ఎంత పెద్దదైతే అంత కలిసొస్తాదని. అది ప్రకృతిలో ఉన్న జాతి కాదు, మలేషియా వైపు 1990లలో మనుషులు కలిపి పుట్టించిన సంకరం. నాలుగడుగుల ట్యాంకులో ఒక్కటే, ప్లెకో కూడా వద్దు, కళ్లు పీకేస్తాది. తెచ్చినవాళ్లకి దాన్ని ఒక్కదాన్నే చూస్తే బోసిగా అనిపించి తోడు వేస్తారు, తోడు పోయాక ఇంకో తోడు.

ఆస్కార్ కొంచెం నయం, మనిషిని గుర్తుపడతాది, చేతిలోంచి తింటాది. కానీ 30 సెంటీమీటర్లు పెరుగుతాది, నోట్లో పట్టేది ఏదైనా మింగుతాది. నాలుగడుగుల్లో ఒకటి, రెండు కావాలంటే ఆరడుగుల ట్యాంకు చూసుకోండి. ఈ పెద్దవాటిని మలావీ చేపలతో కలపకండి, నీళ్లూ తిండీ గొడవపడే తీరూ అన్నీ వేరు.

కాన్విక్ట్ జంట గుడ్లు పెట్టాక మిగతా అన్నిటినీ ఒక మూలకి తోసేశాయి!

అవి అంతే. వీటిది నిజమైన జంట, అమ్మా నాన్నా ఇద్దరూ కాపలా. గుడ్లు మూడు రోజుల్లో పగులుతాయి, వారానికి పిల్లలు ఈదుతాయి, అప్పటికి ట్యాంకులో ముప్పావు వంతు వాళ్లదే. తమకంటే రెండింతలు పెద్దదాన్ని కూడా కొడతాయి. మధ్యలో జాలీ పెట్టండి, లేదా జంటని వేరే ట్యాంకుకి మార్చండి.

మలావీ ఆడచేప అయితే గుడ్లు నోట్లో పెట్టుకుంటాది. గొంతు కింద ఉబ్బుతాది, మూడు వారాల దాకా సరిగ్గా తినదు, అందరికీ దూరంగా నక్కుతాది. దాన్ని చూసి రోగమనుకుని మందులు వేసినవాళ్లున్నారు. పిల్లలు కావాలంటే రెండు వారాలు దాటాక మెల్లగా వేరే తొట్టికి మార్చండి. పిల్లలు వదిలాక కూడా దాన్ని వెంటనే మళ్లీ వేయకండి, వారం బాగా తిననివ్వండి, చిక్కిపోయిన చేపని చూస్తే అందరికీ లోకువ.

తిండికీ కొట్లాటకీ సంబంధం ఉందా?

ఉంది గానీ అనుకున్నంత లేదు. ఆకలేసి కొట్టుకోవడం తక్కువ, జాగా కోసమే ఎక్కువ. ఒకేచోట గుప్పెడు వేయకుండా రెండు మూలలా చల్లండి, బలహీనమైనదానికీ నాలుగు గింజలు దొరుకుతాయి. బూనాలు రాళ్ల మీద పాచి గీక్కుని తినే చేపలు, పేగు పొడుగు, వాటికి స్పిరులినా అనే పాచి ఉన్న మేత, ఉడికించిన బఠానీ, పాలకూర. బ్లడ్‌వార్మ్ అనే ఎర్ర పురుగులూ మాంసమూ వేసి మురిస్తే పొట్ట ఉబ్బు రోగం వస్తాది. ఆ రోగం దెబ్బలు తిని బెదిరిపోయిన చేపకే ముందు వస్తాది, అది నేను చాలాసార్లు చూశాను, తెల్లటి దారంలాంటి పెంట కనిపిస్తే అనుమానించండి.

దెబ్బ తగిలిన చేపకి ఏ మందు?

ముందు వేరే తొట్టి, శుభ్రమైన నీళ్లు, ఎయిర్. లీటరుకి 1 నుంచి 2 గ్రాముల కళ్లుప్పు. చీకటిగా ఉంచండి, గుడ్డ కప్పండి. రెక్కలు మళ్లీ వస్తాయి, కన్ను పోతే రాదు. పుండు మీద దూదిలా బూజు పడితే అప్పుడు మందు. పసుపు రాయొచ్చా అని అడుగుతారు, వద్దు బాబూ, దాన్ని పట్టుకుని రాసే బెదురుకే పోతాది.

ఎక్కువైపోయిన చేపల్ని నాగావళిలో వదిలేస్తే పుణ్యం కదా?

పాపం. తిలాపియాని 1952లో మన దేశానికి తెచ్చారు, ఇప్పుడు ఏ చెరువులో చూసినా అదే, మన చేపల జాగా తినేసింది. ఏటిలోగానీ ఊరి చెరువులోగానీ ఒక్కటి కూడా వదలకండి. కొట్టుకి తిరిగివ్వండి, తక్కువ రేటిచ్చినా సరే, లేదా తెలిసినవాళ్లకి ఊరికే ఇచ్చేయండి.

నా దగ్గరే ఇప్పుడు ఎల్లో ల్యాబ్ పిల్లలు ముప్పై దాకా ఉన్నాయి, నాలుగడుగుల ట్యాంకు ఉన్నవాళ్లకి ఊరికే ఇస్తాను. మూతున్న బకెట్ మాత్రం మీరే తెచ్చుకోండి, పోయినసారి చేపలతో పాటు వెళ్లిన నా రెండు బకెట్లు ఇంకా తిరిగి రాలేదు, ఈ ఆదివారం మళ్లీ ఒక్క బకెట్‌తోనే ఆరుసార్లు తిరగాలి.